సంచిలో రెండు మాత్రలు: భీమవరం సుబ్బారావు గారు, మా మామ్మ కాలు

ఈ ఎపిసోడ్ సగం చరిత్ర, సగం మా ఇంటి గొడవ. ఎక్కడ ఏది ఆగిందో, ఏది మొదలైందో నాకే సరిగ్గా తెలీదు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మాది కోనసీమ. రాజోలు వైపు. మా మామ్మకి, అంటే మా నాన్నగారి అమ్మకి, కుడికాలు బోదకాలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. మడమ దగ్గర మడతలు, పాదం పైన చర్మం తాటిపండు పైతొక్కలా గట్టిగా. ఆవిడ ఎప్పుడూ చీర కుచ్చెళ్ళు నేల మీద రాసుకునేలా కట్టేది. మా అత్త పెళ్ళి ఆల్బమ్ తీసి చూడండి, ఒక్క ఫోటోలో కూడా మామ్మ కాలు కనపడదు. ప్రతి ఫోటోలోనూ కుర్చీ వెనకాల నిలబడి ఉంటుంది. పెళ్ళికూతురి తల్లి, ముందు వరసలో కూర్చోవాల్సిన మనిషి.

చిన్నప్పుడు నాకో గట్టి నమ్మకం ఉండేది. మా చేలల్లోకి నీళ్ళు వచ్చే చిన్న కాలవని మేం బోదె అంటాం కదా. బోదెలో కాలు పెడితే వచ్చేది బోదకాలు అనుకునేవాణ్ణి. పేరులోనే ఉంది కదా మరి! అందుకని బోదె దాటాల్సి వస్తే గెంతేవాణ్ణి, కాలు తడవనిచ్చేవాణ్ణి కాదు. నా నమ్మకం తప్పు. కానీ నీళ్ళకీ ఆ జబ్బుకీ సంబంధం ఉందన్న అనుమానం మాత్రం పూర్తిగా తప్పేమీ కాదు. దాని దగ్గరకి తర్వాత వస్తాను.

అసలు కథ నేను ఇంటర్ చదువుతున్నప్పటిది. ఒక సాయంత్రం నర్సమ్మ గారు, అంటే ఏ.ఎన్.ఎం., సంచి వేసుకుని మా అరుగు మీదకి వచ్చారు. పుస్తకంలో పేర్లు రాసుకుని, వయసులు అడిగి, ఒక్కొక్కళ్ళకీ లెక్కపెట్టి మాత్రలు ఇచ్చారు. నాకు 3. "నా ఎదురుగా మింగేయండి బాబూ" అన్నారు. "ఇంకా అన్నం తినలేదండీ, తిన్నాక వేసుకుంటాం లెండి" అన్నాను, చాలా మర్యాదగా. ఆవిడకి ఇంకా ఎన్నో ఇళ్ళు ఉన్నాయి, వెళ్ళిపోయారు. ఆవిడ మలుపు తిరగ్గానే నా 3, మా తమ్ముడివి, అన్నీ తీసుకెళ్ళి అదే బోదెలో విసిరేశాను.

ఎందుకంటే అంతకుముందు ఏడు ఆ మాత్రలు వేసుకున్న పక్కింటాయనకి రాత్రి జ్వరం, తలనొప్పి, వాంతులు. మా ఊళ్ళో అందరూ డాక్టరు గారు అని పిలిచే ఆర్.ఎం.పి. గారు ఒకరుండేవారు. ఆయన "గవర్నమెంటు మాత్రలు, ఎందుకొచ్చిన గొడవ" అన్నారట. డాక్టరు గారే అన్నాక ఇంకేం ఉంటుంది? నర్సమ్మ గారు మాకు డాక్టరు కాదు కదా. సంచి వేసుకుని నడిచొచ్చే మనిషి. ఆయనేమో మెళ్ళో స్టెతస్కోపు, మోటారు సైకిలు.

ఇందులో ఎవరు ఎవరో, ఎవరి మాట ఎంతవరకు వినాలో నాకు తెలీలేదు. ఇప్పటికీ మనలో చాలామందికి తెలీదు. అది తెలియాలంటే ఒకసారి భీమవరం వెళ్ళాలి. మా ఊరి నుంచి పెద్ద దూరమేం కాదు, చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా పోతే వచ్చేస్తుంది.

1895 జనవరి 12న భీమవరంలో ఒక పిల్లాడు పుట్టాడు. యల్లాప్రగడ సుబ్బారావు. పేరు స్కూలు పుస్తకంలో చూసే ఉంటారు, కింద ఒక చిన్న బాక్సులో, "మన శాస్త్రవేత్తలు" అని. 1995లో ఆయన శతజయంతికి పోస్టల్ స్టాంపు కూడా వేశారు. నేనూ ఆ బాక్సులోనే చదివి మర్చిపోయాను. ఆ బాక్సులో రాయనివి చెప్తాను.

ఈయన మొదటి నుంచీ ఫస్టు ర్యాంకు స్టూడెంటు ఏమీ కాదు. 13 ఏళ్ళప్పుడు ఇంట్లోంచి కాశీ పారిపోదామని బయల్దేరాడు. చదువుకోడానికి కాదు, అక్కడికొచ్చే యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని! వాళ్ళమ్మ వెంకమ్మ గారు పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. మెట్రిక్యులేషన్ 3వ సారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూలుకి మారాక. సప్లీలు రాస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ ముక్క మీ ఇంట్లో వినిపించుకోండి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులకి స్నేహితులు కొంత, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సాయం చేశారు. అది గాంధీగారి పిలుపు మీద విదేశీ బట్టలు మానేస్తున్న కాలం. ఈయన ఆపరేషన్ థియేటర్లోకి ఖద్దరు గౌను వేసుకెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి సర్టిఫికెట్.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ అక్షరాల గొడవ ఈనాటిది కాదు. ఆ రోజుల్లో డాక్టర్లలోనే మెట్లు ఉండేవి. పైన ఎం.బి.బి.ఎస్. దాని కింద ఎల్.ఎం.ఎస్. ఆ కింద మెడికల్ స్కూళ్ళలో తక్కువ ఏళ్ళు చదివి వచ్చే ఎల్.ఎం.పి.లు. పాత తరం వాళ్ళని అడగండి, "మా ఊళ్ళో ఎల్.ఎం.పి. డాక్టరు గారుండేవారు" అని చెప్తారు. పల్లెటూళ్ళకి ఇంగ్లీషు మందులు తెచ్చింది ఎక్కువగా వాళ్ళే. వాళ్ళు దొంగ డాక్టర్లు కారు, చదువుకున్నవాళ్ళు, చట్టప్రకారం వైద్యం చేసినవాళ్ళు. 1946లో భోర్ కమిటీ అని ఒకటి రిపోర్టు ఇచ్చింది. దేశంలో ఒకటే రకం ప్రాథమిక డాక్టరు చదువు ఉండాలి, ఈ మెట్లు తీసేయాలి అని. తర్వాత మెల్లగా ఎల్.ఎం.పి. చదువులు పోయాయి. మన వైపు కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ వచ్చింది 1958లో.

ఇంకో తమాషా చూడండి. మద్రాసు రాష్ట్రంలో డాక్టర్లని రిజిస్టరు చేసే చట్టం 1914లో వచ్చింది. ఆర్.ఎం.పి. అంటే అసలు అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. అంటే ప్రభుత్వ రిజిస్టరులో పేరున్న వైద్యుడు. ఇప్పుడు మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. అంటే ఎవరు? ఏ రిజిస్టరులోనూ పేరు లేనాయన! అక్షరాలు అవే, అర్థం తలకిందులైంది. రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్ అని కొత్త విస్తరణ కూడా కనిపెట్టుకున్నారు.

సరే, సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. తక్కువ పట్టా కదా, మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు. అప్పుడు ఆయన్ని తీసుకున్నది ఎవరంటే, డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీ. అక్కడ అనాటమీ చెప్పేవాడు. ఈ లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వెళ్ళిన మనిషి. ఈలోపు సుబ్బారావు గారి ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అని ఒక విరేచనాల జబ్బు ఉంది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం పలచబడిపోతుంది, మనిషి నీరసించి పోతాడు. ఆ జబ్బుతో సోదరులు కన్నుమూశారు. ఈయనకీ వచ్చింది, చావు దాకా వెళ్ళి లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో బతికాడు. తను వేసుకున్న ఖద్దరు వల్ల ఎం.బి.బి.ఎస్. పోయింది, తను చదివిన వైద్యం అన్నదమ్ముల్ని కాపాడలేదు, తను చదవని వైద్యం తనని కాపాడింది. ఆ కుర్రాడి బుర్రలో ఏం తిరిగి ఉంటుందో నేను చెప్పలేను.

అమెరికా వెళ్ళాలనుకున్నాడు. డబ్బుల్లేవు. మామగారు కొంత ఇచ్చారు, కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. కాకినాడ వాళ్ళకి ఎం.ఎస్.ఎన్. చారిటీస్ అంటే తెలుస్తుంది. 1920ల మొదట్లో భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్ళాడు. అప్పటికి ఆవిడ కడుపుతో ఉన్నారు. పుట్టిన కొడుకు పసివాడుగానే పోయాడు. తండ్రి ఆ పిల్లాణ్ణి చూడలేదు. తిరిగి ఇండియాకి రానూ లేదు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఆ స్టాంపు మీది మొహం మీద కొంచెం కోపం వస్తుంది. శేషగిరి గారికి ఎవరూ స్టాంపు వేయలేదు కదా.

బోస్టన్‌లో హార్వర్డ్ వాళ్ళ దగ్గర ఉష్ణదేశాల జబ్బుల కోర్సులో చేరాడు. మరి తిండికి? పీటర్ బెంట్ బ్రిగమ్ అనే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పోర్టరుగా చేరాడు. రోగుల మూత్రం గిన్నెలు, బెడ్ పాన్లు కడిగే పని. మన ఆసుపత్రుల్లో వార్డు బాయ్ అంటామే, అది. మద్రాసులో సర్జరీ చదువుకున్న మనిషి.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి, రక్తంలో మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చయింది. ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పిల్లలు ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అని ల్యాబులో చేస్తారు. కండరాలకి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. వీళ్ళ ల్యాబులో బయటపడ్డాయి. ఏ.టి.పి.ని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీలోకి వెళ్ళిపోయాడు.

నర్సమ్మ గారి సంచిలోకి మందులు వచ్చింది అక్కణ్ణుంచే.

ఒకటి ఫోలిక్ యాసిడ్. మీలో గవర్నమెంటు స్కూల్లో చదివినవాళ్ళకి వారానికోసారి నీలం రంగు మాత్ర ఇచ్చారు, గుర్తుందా? ఐరన్ మాత్ర అని టీచరు గారు మింగించేవారు. దాంట్లో ఐరన్‌తో పాటు ఉండేది ఫోలిక్ యాసిడే. కడుపుతో ఉన్న అక్కకో వదినకో ఏ.ఎన్.ఎం. గారు 180 రోజులకి ఇచ్చే మాత్రల్లోనూ అదే. దీని కథ కూడా సగం మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అని ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ, బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి రక్తం ఎందుకు తగ్గిపోతోందో 1930 ప్రాంతంలో వెతికారు. తిండిలో ఏదో ఒక పదార్థం లోపం అని తేల్చారు. ఏమిటో తెలీలేదు. అది ఫోలిక్ యాసిడ్. దాన్ని కాలేయం నుంచి బయటికి తీసి, ల్యాబులో తయారుచేసి, మాత్రగా చేసేంత దూరం తీసుకెళ్ళింది 1940ల మధ్యలో సుబ్బారావు గారి బృందం. ఆ మందు ఏ జబ్బుల్లో రక్తం పెంచింది? గర్భిణుల రక్తహీనతలో, స్ప్రూలో. అవును, అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ స్ప్రూలోనే. 20 ఏళ్ళు పైగా ఆలస్యం.

ఆ ఫోలిక్ యాసిడ్‌ని కాస్త మార్చి, దానికి అడ్డుపడే పదార్థాలు చేశారు. వాటిల్లో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి చూశాడు. కొంతకాలమే అయినా జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్ళవాతానికి కూడా రాస్తున్నారు. దీని మీద ఒక ఎపిసోడ్ మొత్తం చేయాలి, ఇవాళ కాదు.

రెండోది, నేను బోదెలో విసిరేసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో ఉన్న అమెరికా సైనికులకి ఫైలేరియా పట్టుకుంది. అంతవరకు దానికి సరైన మందు లేదు. ఆర్సెనిక్, ఆంటిమొనీ లాంటి విషపు లోహాల మందులు ఇచ్చేవారు. లెడర్లీలో సుబ్బారావు గారి కింద ఉన్న బృందం కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద వరసపెట్టి పరీక్షలు చేసింది. ఆ ఎలుకలకి సహజంగానే ఒక రకం ఫైలేరియా పురుగు ఉంటుంది. అలా దొరికిందే డైఇథైల్ కార్బమజైన్, మార్కెట్టులో హెట్రజాన్. ప్యూర్టో రికోలో మనుషుల మీద పరీక్షించారు. 1947. మరుసటి ఏడు ఆగస్టులో, 53 ఏళ్ళకి, సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు.

నేను దీన్ని చదివింది హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నప్పుడు, రూములో పడుకుని, ఫోనులో. డైఇథైల్ కార్బమజైన్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఈ మాట ఎక్కడో చూశాను అనిపించింది. నర్సమ్మ గారి చేతిలోని మాత్రల స్ట్రిప్పు మీద చూశాను. డి.ఇ.సి. పక్క జిల్లా ఆయన అమెరికాలో తయారుచేసిన మందు, మా మామ్మ లాంటి వాళ్ళ కోసమే అన్నట్టు మా అరుగు దాకా వస్తే, నేను కాలవలో పారేశాను.

ఇప్పుడు మీరు అడుగుతారు: మీ మామ్మకి జబ్బు, నీకు మాత్రలు ఎందుకు? సరిగ్గా అదే నా ప్రశ్న కూడా. ఎవరూ విడమర్చి చెప్పలేదు. నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

బోదకాలు తెచ్చేది సన్నటి దారం లాంటి పురుగు. పెద్ద పురుగులు మన శోషరస నాళాల్లో, అంటే ఒంట్లో నీరు వెనక్కి పోయే సన్నటి గొట్టాల్లో, ఏళ్ళ తరబడి కాపురం ఉంటాయి. ఆ గొట్టాలు పాడైపోతే నీరు దిగక కాలు వాస్తుంది. మగవాళ్ళకి వరిబీజం కూడా ఇలాగే వస్తుంది. దాన్ని లోపల్లోపల దాచుకుని తిరిగే కుర్రాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఒక మాట: దానికి ఆపరేషన్ ఉంది, నయమవుతుంది, సిగ్గుపడకుండా సర్జన్ దగ్గరికి వెళ్ళండి. ఆ పురుగుల పిల్లలు రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టినప్పుడు దోమలోకి పోతాయి, అక్కడ పెరిగి ఇంకొకడికి అంటుకుంటాయి. పిల్లలు రక్తంలో ఉన్న మనిషికి పైకి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. కాలు బాగానే ఉంటుంది, క్రికెట్ ఆడుతుంటాడు. చిన్నప్పుడు అంటుకుని, ఎన్నో ఏళ్ళకి కాలు వాచడం మామూలు. అంటే ఊళ్ళో జబ్బు పంచేది మా మామ్మ కాదు, నాలాంటి వాడు అయ్యుండచ్చు. డి.ఇ.సి. ప్రధానంగా రక్తంలోని ఆ పిల్లల్ని చంపుతుంది. కాబట్టి ఊరంతా ఒకేసారి వేసుకుంటే దోమకి మోయడానికి ఏమీ దొరకదు. ఏడాదికోసారి, కొన్నేళ్ళ పాటు. పాడైపోయిన కాలుని మాత్రం ఆ మాత్ర పాత కాలు చేయదు. మా మామ్మకి కోపం వచ్చింది కూడా ఇక్కడే, "నేను మింగాను కదా, తగ్గలేదేం?" అని.

పక్కింటాయన జ్వరం సంగతి? రక్తంలో ఆ పిల్లలు ఎక్కువ ఉన్నవాళ్ళకి, అవి ఒక్కసారిగా చచ్చినప్పుడు జ్వరం, తలనొప్పి, వాంతులు వస్తాయి. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అంటే ఆయనకి జ్వరం తెప్పించింది మాత్ర విషం అవ్వడం వల్ల కాకపోవచ్చు, ఆయనకి మాత్ర అవసరం ఉండడం వల్ల అయ్యుండచ్చు. ఈ ఒక్క ముక్క అప్పుడు అరుగు మీద కూర్చుని ఎవరైనా 5 నిమిషాలు చెప్పి ఉంటే! ఇది కొత్త తప్పు కూడా కాదు. మన దేశంలో ఫైలేరియా కార్యక్రమం 1955లో మొదలైనప్పుడు ఊళ్ళకి ఊళ్ళకి ఈ మందే పంచారు. ఈ జ్వరాల భయంతోనే జనం ఒప్పుకోక, దాన్ని ఆపి దోమల మీద పడ్డారు. మళ్ళీ 2004లో ఏడాదికి ఒక డోసు చొప్పున దేశమంతా మొదలెట్టారు. 2 ఏళ్ళ లోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకి ఇవ్వరు. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. అంటే "అన్నం తిన్నాక" అన్న నా సాకు నిజానికి మంచి సాకే, అందుకే ఆవిడ నమ్మారు.

బోదె సంగతి చెప్తానన్నాను కదా. మన వైపు ఈ జబ్బు మోసేది క్యూలెక్స్ దోమ. దానికి పారే నీళ్ళ కన్నా మురుగు ఇష్టం. డ్రైన్లు, గుంటలు, మూతల్లేని సెప్టిక్ ట్యాంకులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకి నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, ఊళ్ళు పెరిగాయి. వచ్చిన నీళ్ళు పోయే దారి మీద మాత్రం మన శ్రద్ధ ఎప్పుడూ సగమే. కాటన్ దొరగారి విగ్రహానికి దండ వేస్తాం, పక్కనే మురుగు కాలవ పూడిపోయి ఉంటుంది.

ఫైలేరియా వాళ్ళు రాత్రిళ్ళు వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్ళడం మీలో కొందరైనా చూసుంటారు. కుక్కలు మొరుగుతుంటాయి, టీవీలో సీరియల్ వస్తుంటుంది, ఒకాయన టార్చి వేసుకుని గాజుపలక పట్టుకుని గుమ్మంలో. పగలు ఏం చేస్తున్నారయ్యా అని తిట్టేవాళ్ళం. ఆ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకి పైకి వస్తాయి. పగలు తీసిన చుక్కలో కనపడకపోవచ్చు. అందుకని ఆయన తన భార్యాపిల్లల్ని వదిలి అర్ధరాత్రి మన తిట్లు తినడానికి వచ్చేవాడు. ఈ పనికి మనుషుల్ని తయారుచేసే జాతీయ సంస్థ శాఖ మన రాజమండ్రిలోనే ఉంది. దేశం మొత్తం మీద అలాంటివి 3: కోళికోడ్, వారణాసి, రాజమండ్రి.

ఇక ఎవరు ఎవరు అనేది. నేను నేర్చుకున్నది ఇంతే. ఎం.బి.బి.ఎస్. ఆయనకి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, చీటీ మీద అది రాయాలని నిబంధన. మీకు అనుమానం వస్తే చూసుకోవచ్చు, అడగచ్చు, అది అవమానం కాదు. ఏ.ఎన్.ఎం. గారు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త. టీకాలు, గర్భిణుల పరీక్షలు ఆవిడ చేతి మీదే నడుస్తాయి. ఆశా అక్క మన ఊరి మనిషే, 2005లో వచ్చిన పథకం. ఆవిడ వైద్యం చేయదు, మనల్ని వైద్యం దగ్గరికి చేరుస్తుంది. ఆర్.ఎం.పి. గారిని నేను తిట్టను. మా తాతయ్యకి అర్ధరాత్రి ఆయాసం వస్తే వర్షంలో తడుస్తూ వచ్చింది ఆయనే, డబ్బులు కోతలయ్యాక తీసుకున్నదీ ఆయనే. ఆ సమయానికి ఏ ఎం.బి.బి.ఎస్.లూ మా ఊళ్ళో లేరు, ఇప్పటికీ రాత్రుళ్ళు ఉండరు. కానీ ఆయన రాసే యాంటీబయోటిక్, ఆయన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్, వద్దన్న ప్రభుత్వ మాత్ర, వీటికి ఆయన చదువు సరిపోదు. మంచి మనిషి కావడం, మందు తెలియడం ఒకటి కాదు. ఈ రెండూ కలిపేసుకునే మా ఇల్లు చాలా ఏళ్ళు నష్టపోయింది.

మామ్మకి ఏడాదిలో రెండు మూడుసార్లు చలిజ్వరం వచ్చేది, కాలు ఎర్రగా మండిపోయేది. ఆర్.ఎం.పి. గారు ఇంజెక్షన్ చేసేవారు, తగ్గేది, కాలు మాత్రం ఇంకాస్త లావెక్కేది. ఆ జ్వరం పురుగు వల్లే వస్తుందని అందరం అనుకున్నాం. కాదు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, పుళ్ళు, అందులోంచి వెళ్ళే మామూలు బ్యాక్టీరియా. దీన్ని ఆపే మందు పేరు సబ్బు. రోజూ మామూలు సబ్బుతో, శుభ్రమైన చల్లనీళ్ళతో కాలు కడగడం, వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దడం, పుండు ఉంటే మందు రాయడం, పడుకున్నప్పుడు కాలు కింద దిండు, మడమ కాసేపు పైకీ కిందికీ ఆడించడం, వదులైన చెప్పులు. జ్వరం, మంట వచ్చిన రోజు మాత్రం వ్యాయామం మానేసి డాక్టరుకి చూపించాలి. మా మామ్మకి ఇది నేర్పింది పెద్ద స్పెషలిస్టు ఎవరూ కాదు. ఆశా అక్క. ఒక టబ్బు, ఒక మగ్గు, ఒక టవలు తెచ్చి, మా ఇంటి వెనకాల కూర్చుని, ఆ కాలుని తన ఒళ్ళో పెట్టుకుని కడిగి చూపించింది. 30 ఏళ్ళలో ఆ కాలుని ఇంట్లోవాళ్ళం ఎవరం ముట్టుకోలేదు. నేను కూడా.

తర్వాత సెలవులకి వెళ్ళినప్పుడు ఆ కడిగే పని నేను తీసుకున్నాను. జ్వరాలు బాగా తగ్గాయి. కాలు మామూలు కాలేదు, బరువు మాత్రం తగ్గిందని ఆవిడే అనేది. ఒక రోజు కడుగుతూ సుబ్బారావు గారి కథంతా చెప్పాను. ఖద్దరు గౌను, బెడ్ పాన్లు, ఎలుకలు, మాత్ర, నేను బోదెలో పారేసిన సంగతి కూడా. అది విని తిట్టలేదు, ఊరుకుంది. కాసేపాగి అడిగింది.

"ఆ భీమవరం ఆయన ఏ ఊళ్ళో ప్రాక్టీసు చేసేవాడ్రా?"

"ఎక్కడా చేయలేదు మామ్మా. అమెరికాలో ల్యాబులోనే."

"నాడి పట్టుకుని చూసేవాడు కాదా?"

"కాదు."

"మరి డాక్టరు అంటావేంటి?" అని, రెండో కాలు కూడా టబ్బులోకి జరిపింది. "ఎలాగూ సబ్బు తీశావు కదా, ఇది కూడా కడుగు."